మూడున్నర గంటల దూరం

లింబాయత్, సూరత్
20 జనవరి 2025

తమ్ముడు ఉమాకాంత్‌కు, మరదలు భూదేవికి అక్క వజ్రమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం ఉన్నం. కొడుకు సాయికుమార్ పల్సానాల రంగుల మిల్లుకు పోతున్నడు. కోడలు సంధ్య ఇంట్ల కూసొనే చీరలకు లేసు కుడుతున్నది. మీ బావ దగ్గు ఎప్పటిలెక్కనే ఉన్నది. ఆ దగ్గు నాకు వినపడది గనుక మా కాపురం నిమ్మళంగ సాగుతున్నది.

ఫోన్ ఉండంగ ఈ ఉత్తరాలేంది అక్కా అని నవ్వుతవు. నలభై ఏండ్లు ఖటోదరా కార్ఖానాల సాంచాల, ఆ కరెంటు మగ్గాల మోత నడుమ నిలబడ్డ చెవులివి. ఎదురుంగ ఉన్నోళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంట. ఫోన్‌ల పెదవులు ఎక్కడ దొరుకుతయి? సాయికుమార్‌తోని చెప్పిద్దామంటే నా మాట వాని నోట్లకెళ్లి పోయేసరికి సగం రాలిపోతది. ఇక్కడి మునిసిపల్ బడిల తెలుగు మీడియం ఏడో తరగతి దాకా ఊరికే చదవలేదు నేను.

అసలు ముచ్చటకు వస్త. నాకు ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లయిందో యాదికున్నదా? అమ్మ పోసింది. అమ్మ పోయినంక ఎవరూ పోయలే. ఆడిబిడ్డ అడిగి పోయించుకోవద్దంటరు, అయినా సిగ్గిడిచి అడుగుతున్న. ఈ యేడు ఉగాది లోపల నువ్వు, భూదేవి వచ్చి నాకు ఒడిబియ్యం పోయాలె. చీర వద్దు, బంగారం వద్దు. పిడికెడు పసుపు బియ్యం, ఒక రవికె గుడ్డ. ముత్తైదువకు పుట్టింటోళ్లు పోసేది అది. ముత్తైదువగా ఉన్నప్పుడే పోసేది. ఇంతకంటే నా చేత రాయించకు.

దూరం అంటవని తెలుసు. ఈ రెండేండ్లు నేనూ అట్లనే అనుకుని, నువ్వు చైనా పక్కకు పోయినవని ఏడ్చిన. మొన్న సంధ్య ఫోన్‌ల చూపించింది. ఒక డబ్బాల సూరత్ అని, ఇంకో డబ్బాల తేజు అని కొడితే విమానం దూరం రెండున్నర వేల కిలోమీటర్లు, సమయం మూడున్నర గంటలు అని వచ్చింది. బొమ్మ కూడా వేసిండ్రు. ఇక్కడ ఒక చుక్క, మీ కాడ ఒక చుక్క, నడుమ వంపు గీత, గీత మీద చిన్న విమానం. పొద్దున సచిన్ ఊరి దిక్కు కార్ఖానాలకు పోయే బస్సులు ఉధ్నా కాడ ఇరుక్కుంటే అంతే సేపు పడుతది. నువ్వు పొద్దున చాయ తాగి ఎక్కితే పగటి బువ్వకు నా ఇంట్ల ఉంటవు.

నీకు ఇష్టమని నువ్వుల పొడి దంచి పెట్టిన. వస్తవని ఎవరికీ చెప్పలే, సారక్కకు తప్ప. పక్కింట్ల ఉండే సారక్కకు చెప్పకుంటే ఆమెకు అన్నం దిగదు.

నీ తొవ్వ చూసే అక్క,
వజ్రమ్మ


తేజు, అరుణాచల్
5 ఫిబ్రవరి 2025

అక్కకు, బావకు ఉమాకాంత్, భూదేవి దండాలు.

నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్విన. భూదేవికి చదివి వినిపిస్తే ఆమె కూడా నవ్వింది. నీ లెక్క ప్రకారం నేను రోజూ పొద్దున ఇక్కడ ఉద్యోగం చేసి, సాయంత్రం నీ దగ్గర నువ్వుల పొడితో అన్నం తినొచ్చు.

అక్కా, సూరత్ నుంచి తేజుకు విమానం లేదు. ఎన్నడూ లేదు. నువ్వు చూసిన గీత కంప్యూటర్ గీసింది. దానికి ఏ రెండు ఊర్ల విమానాశ్రయాల పేర్లు చెప్పినా నడుమ దారం పట్టి కొలుస్తది, పెద్ద విమానం వేగంతో భాగించి ఇన్ని గంటలు అని చెప్తది. ఆ దారిలో విమానం నడుస్తదా లేదా అన్నది దానికి పట్టదు. మా దగ్గరికి పెద్ద విమానం రాదు. రెక్కలకు పంకాలు తిరిగే చిన్నది వస్తది, అది కూడా రోజూ కాదు, అది కూడా మబ్బు ఒప్పుకుంటేనే. అందులో గువాహటి, అక్కడి నుంచి కలకత్తా, అక్కడి నుంచి మీ వైపు. అన్నీ కలిసొస్తే రెండు రోజులు. కలిసిరాకపోతే దేవునికే తెలవాలె.

ఇంకో చిక్కు నా ఉద్యోగం. మంటలార్పే ఉద్యోగం అంటే నువ్వు ఎప్పుడూ మంటలెక్కడ అని అడుగుతవు. ఇక్కడికి వచ్చి రెండేండ్లయింది, పొయ్యిలో మంట తప్ప ఏదీ ఆర్పలేదు. కానీ విమానం దిగేటప్పుడు మేము మందపు కోట్లు తొడుక్కుని, ఎర్రబండి ఇంజన్ నడిపి పక్కన నిలబడాలె. మేము నిలబడకుంటే విమానాన్ని దిగనియ్యరు. ఉన్నదే కొద్దిమందిమి. అందులో ఒకడు పెండ్లి సెలవు మీద పోయిండు, ఇంకొకనికి మలేరియా. నన్ను తీసుకుపోయే విమానం దిగాలన్నా నేనే కింద నిలబడాలె. ఇదీ నా బతుకు.

జూన్‌లో కొత్తవాళ్లు వస్తరట. ఆషాఢం దాటినంక శ్రావణంలో పదిహేను రోజులు సెలవు పెట్టి ఇద్దరం వస్తం. దర్జాగా పోస్తం నీకు ఒడిబియ్యం. బియ్యం ఎక్కడికి పోవు, నువ్వు ఎక్కడికి పోవు.

భూదేవి నీ రవికె గుడ్డ మొదలుపెట్టింది. ఇక్కడి ఆడవాళ్లు నడుముకు పట్టీ కట్టుకుని, కాళ్లు చాపి కూర్చుని నేస్తరు. పక్కింటామె దగ్గర నేర్చుకుంటున్నది. చప్పుడే ఉండదు అక్కా. మనింట్లో పుట్టి పెరిగి చప్పుడు లేని నేత నేను ఇక్కడే చూసిన. రోజుకు జానెడు కూడా దిగదు. ఉగాదికి అందదని ఆమె కూడా శ్రావణమే మంచిదంటున్నది.

బావను వేడినీళ్లు తాగమను. మొన్న ఫోన్ చేస్తే అందరూ మంచిగున్నరని సాయికుమార్ చెప్పిండు, సంతోషం.

నీ తమ్ముడు,
ఉమాకాంత్


లింబాయత్
18 ఫిబ్రవరి 2025

తమ్ముడు ఉమాకాంత్‌కు.

నీ ఉత్తరం అందింది. మీ నవ్వు కూడా అందింది.

సంధ్యతోని మళ్లొకసారి చూపించుకున్న. ఇప్పుడు కూడా మూడున్నర గంటలే అంటున్నది. నీకు ఒక మాట, మాకు ఒక మాట చెప్పేటందుకు ఫోన్‌కు నీ మీద ఏం పగ? సారక్క అల్లుడు అనుకున్న దినం ఢిల్లీకి పోయి, మాపటికి వస్తడు. ఆయనకు మబ్బు అడ్డం రాదు, బండి అడ్డం రాదు. రావాలనుకున్నోనికి తొవ్వ దొరుకుతది, వద్దనుకున్నోనికి సాకు దొరుకుతది.

శ్రావణం అన్నవు. నాకు శ్రావణం వద్దు. బియ్యం ఎక్కడికి పోవు, నువ్వు ఎక్కడికి పోవు అని రాసినవు. బియ్యం పోవు, నిజమే. నేను కూడా పోను. నేను భయపడేది వాటి గురించి కాదు.

రవికె గుడ్డ సంగతి ఏంది? ఊరి మొత్తం మీద బట్ట దొరకదా? చీరలు చుట్టే తాడు కూడా బట్టతోనే చేసే ఊర్ల ఉన్న నాకు, జానెడు జానెడు నేసి రవికె గుడ్డ ఇచ్చేది ఎందుకు? భూదేవికి రావాలని లేకుంటే లేదని చెప్పమను. నెపం మగ్గం మీద పెట్టొద్దు. మనం నేసేటోళ్లం, మగ్గం మీద అబద్ధం చెప్తే పాపం తగులుతది.

మీ బావ ఈ ఉత్తరం రాయొద్దన్నడు. వాడు దేశం పని మీద ఉన్నడు, సతాయించకు అన్నడు. నేను వినలేదు. వినకపోవుడు నాకు అలవాటే కదా.

వజ్రమ్మ


తేజు
6 మార్చి 2025

అక్కకు దండాలు.

నీ ఉత్తరం నేను దాచిపెట్టాల్సింది. భూదేవి చదివింది. నడుముకు ఉన్న పట్టీ విప్పి, మగ్గం చాపలాగ చుట్టి మూలకు పెట్టింది.

నేను పుట్టినప్పటి నుంచి నన్ను చూస్తున్నవు. నా మాట కంటే ఆ ఫోన్ గీత మీద నీకు నమ్మకం ఎక్కువైంది. సరే. ఇక నేను చెప్పేది ఏం లేదు.

ఉగాది లోపలే కావాలంటే బియ్యం, పసుపు, కుడుకలు, పోకలు అన్నీ కట్టి పార్సెల్ పంపుత. సంధ్యతోని పోయించుకో. శాస్త్రం తీరుతది.

ఉమాకాంత్


లింబాయత్
17 మార్చి 2025

ఉమాకాంత్‌కు.

పార్సెల్ పంపితే తెచ్చిన పోస్టుమ్యాన్‌తోనే వాపస్ పంపుత. ఒడిబియ్యం పార్సెల్ చేస్తనన్న తమ్ముడు లింబాయత్ పుట్టినప్పటి నుంచి నువ్వొక్కనివే. అమ్మ ఉంటే నీ చెవి మెలేసేది.

నాకు బియ్యం లేక అడిగిన్నా? శాస్త్రం కోసం అడిగిన్నా? నువ్వు గుమ్మంల నిలబడితే చూడాలని అడిగిన. మీ బావ చూస్తుండంగ పోయించుకోవాలని అడిగిన. ఆయన నా పెండ్లినాడు బియ్యం పోసేటప్పుడు నవ్విండు, ఇన్ని బియ్యం మోసుకుని ఎట్ల వస్తదని. ఇప్పటికీ గదే చెప్పి నవ్వుతడు.

ఎందుకు కోపమో నాకే తెలుస్తలేదు. పోయిన నెల నుంచి నాకు నిద్ర లేదు. నా కుట్టుమిషన్ ఉన్న మూల ఖాళీ చేసి, ఆక్సిజన్ మిషన్ కిరాయికి తెచ్చి పెట్టినం. దాని చప్పుడు నాకు వినపడది. అందుకని మీ బావ మంచం పక్కన నేల మీద చెయ్యి ఆనిచ్చి పండుకుంట. నేల అదురుతుంటే మిషన్ నడుస్తున్నట్టు. కరెంటు పోతే అదురు ఆగుతది, లేచి సాయికుమార్‌ను లేపుత. వాడు సిలిండర్ పెడుతడు. అంత దాక మీ బావ నా మొఖం చూస్తడు, నేను ఆయన మొఖం చూస్త.

ఈసారి మామిడికాయలు ముందే వచ్చినయి. తొక్కు పెట్టిన. నీకు పంపుదామనుకున్న గానీ నువ్వు పార్సెళ్ల మనిషివి అయినవు, నేను కాలేదు.

భూదేవిని అన్న మాట తప్పే. అయినా అన్న.

వజ్రమ్మ


తేజు
28 మార్చి 2025

అక్కా,

ఆక్సిజన్ మిషన్ అని రాసి, దాని కిందనే మామిడికాయ తొక్కు గురించి రాసినవు. నేను ఆ రెండు ముక్కల నడుమ నిలబడిపోయిన.

నిన్ననే సాయికుమార్‌కు ఫోన్ చేసి గట్టిగ అడిగిన. మొదట మంచిగున్నరు మామా అన్నడు. తర్వాత ఏడ్చిండు. డాక్టరు జనవరిలోనే చెప్పిండట కదా, ఇంక ఎన్నో నెలలు లేవని. ఎవరికీ చెప్పొద్దని బావ ఒట్టు పెట్టించుకున్నడట. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పినవు అక్కా, ముత్తైదువగా ఉన్నప్పుడే పోసేది అని. అంతకంటే ఏ ఆడది నోరు తెరిచి చెప్తది? నాకే అర్థం కాలేదు. నేను శ్రావణం అన్న. నువ్వు ఎక్కడికి పోవు అన్న. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తున్నది.

మా పెద్దసారు దగ్గరికి పోయిన. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. మలేరియా వచ్చినాయన ఇంకా నీరసంగనే ఉన్నడు, అయినా నీ బదులు నేను నిలబడుత పో అన్నడు. ఆ మనిషిది అస్సాం. నేను ఆయనకు ఏమీ కాను.

భూదేవి చుట్టి పెట్టిన మగ్గం మళ్లా విప్పింది. నేను ఏమీ చెప్పకముందే విప్పింది. పొద్దుమాపు నేస్తున్నది. వదినె రవికె కుట్టించుకునేంత అయితే చాలు, అంచు లేకున్నా మంచిదే అంటున్నది. ఇద్దరికీ సీట్లు దొరకలేదు, నేను ఒక్కడినే వస్తున్న. బియ్యం మాత్రం భూదేవే తన చేత్తో కలిపి ఇస్తది.

ఏప్రిల్ మొదటి వారం విమానం. ఈ ఉత్తరం నాకంటే ఒకటి రెండు రోజులు ముందు వస్తదనుకుంట. బావకు చెప్పు, ఆయన ఎక్కిరించే తమ్ముడు వస్తున్నడని.

ఉమాకాంత్


తిన్‌సుకియా రైల్వే స్టేషన్
9 ఏప్రిల్ 2025

అక్కా,

బండి రావడానికి ఇంకా సేపున్నది. కూసుంటే మనసు నిలుస్తలేదు, అందుకని రాస్తున్న. ఇది నా వెనక వస్తది. నేను నీ ఇంట్ల కూసుని ఉండంగ పోస్టుమ్యాన్ తెస్తడు, నువ్వే నాకు చదివి వినిపించు.

విమానం రాలేదు. ఒకరోజు కాదు, వరుసగా. వానలు ముందుగనే పట్టుకున్నయి. ఆఖరి రోజు వచ్చినట్టే వచ్చింది. మలేరియా ఆయన ఆ పొద్దున లేవలేకపోయిండు, నేనే కోటు తొడుక్కున్న. నా సంచి ఎర్రబండిలో పెట్టుకుని నిలబడ్డ, అది దిగంగనే కోటు విప్పి ఎక్కుదామని. మబ్బు పైన చప్పుడు విన్న. ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. మబ్బు విచ్చుకోలేదు, వెళ్లిపోయింది. నాకు చెవులున్నందుకు ఆ చప్పుడు దూరమయ్యే దాకా విన్న అక్కా. నీ ఫోన్‌లో ఉన్న గీత నిజమై, ఒక్కనాడు, ఒక్క విమానం ఆ గీత మీద నడిస్తే ఏం పోతది అనిపించింది.

జీపులో పడి నది దాటి ఇక్కడికి వచ్చిన. ఇక్కడి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి సూరత్, అంతా రైలే.

బియ్యం నా ఒళ్లోనే ఉన్నయి. భూదేవి నేసిన గుడ్డలోనే మూటగట్టి ఇచ్చింది. పక్కన కూసున్న ముసలాయన ఏందది అని అడిగిండు. మా అక్క అన్న. ఆయనకు ఏం అర్థమైందో, జరిగి చోటు ఇచ్చిండు.

బావను దిండ్లు పెట్టి కూసోబెట్టు. ఆయన చూస్తుండంగ పోస్త.

ఉమాకాంత్


తేజు
6 మే 2025

అక్కకు దండాలు.

క్షేమంగ చేరిన. వచ్చేటప్పుడు విమానం టయానికి దిగింది, ఎక్కడా ఆగలేదు. ఆ సుఖం నాకు ఎందుకో.

పదకొండో రోజు దాకా ఉన్నా నీతోని మాట్లాడింది తక్కువ. నువ్వు నా పెదవుల దిక్కు చూడలేదు, నేను నీ మొఖం దిక్కు చూడలేదు. నేను మీ గల్లీలకు మలిగేసరికి ఇంటి ముందు వరుసగా కుర్చీలు వేసి ఉన్నయి. అప్పటికే బావను తాపి నది ఒడ్డుకు తీసుకుపోయి, అంతా అయిపోయి, వాకిలి కడిగిండ్రు. ఎండలకు ఆపలేమని పెద్దలు అన్నరట. వాళ్లది తప్పు లేదు. ఒక్కరోజు అక్కా. ఒక్కరోజు ముందు ఆ మబ్బు విచ్చుకుంటే ఆయన చూస్తుండంగనే పోసేటోన్ని.

ఒక చిన్న పని. అటక మీద, పాత కుట్టుమిషన్ వెనక ఒక గుడ్డ సంచి మరిచిపోయిన. విప్పాల్సిన పని లేదు. సాయికుమార్‌తోని తాపిల వేయించు.

భూదేవి దండాలు చెప్తున్నది.

ఉమాకాంత్


లింబాయత్
22 మే 2025

తమ్ముడు ఉమాకాంత్‌కు, మరదలు భూదేవికి అక్క దీవెనలు.

విప్పకు అంటే విప్పకుండ ఉండేదాన్నా నేను? అయినా నీ ఉత్తరం రాకముందే దొరికింది. నువ్వు పోయిన మూడోనాడు అటక తుడుస్తుంటే పసుపు వాసన వచ్చింది. చెవులు పోయినయి గానీ ముక్కు మంచిగనే ఉన్నది. పదకొండు రోజులు నా నెత్తి మీద బియ్యం పెట్టుకుని, నా ముంగట నోరు కట్టుకుని కూసున్నవు.

తిన్‌సుకియా ఉత్తరం ఆ తెల్లారి వచ్చింది. ఎవరికి చదివి వినిపించాలె? మీ బావ ఫోటో ముందర కూసుని చదివిన. నాకు వినపడకున్నా గట్టిగనే చదివిన.

నీకు ఒకటి చెప్పలే. ఆఖరునాడు పొద్దున ఆయన మూతి మీది మాస్కు జరిపి, నీ తమ్ముని విమానం దిగిందా అని అడిగిండు. నువ్వు అప్పటికి ఏ రైల్ల ఉన్నవో మాకు తెల్వది. దిగింది, ఉధ్నా కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు అన్న. మూడున్నర గంటలే కదా అని నవ్విండు. నేను మొదటి ఉత్తరం రాసిననాటి నుంచి ఆ మాట పట్టుకుని నన్ను ఎక్కిరిస్తుండె. ఆయనకు ముందునుంచే తెలుసు, అసుంటి విమానం లేదని. తెలిసి కూడా నవ్విండు. నేను చెప్పిన అబద్ధం కూడా తెలుసు. కండ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నడు.

ఇగ బియ్యం ముచ్చట. మూట విప్పి ముంగట పెట్టుకుని కూసున్న. సారక్క వచ్చింది, చూసింది, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. మొగడు పోయినదానికి ఒడిబియ్యం ఏంది వజ్రమ్మా, తాపిల కలిపెయ్యి, ఎవరి కంటనన్న పడితే మాటలంటరు అన్నది. ఆమె మంచికే చెప్పింది. నేను కూడా ఎందరికో గట్లనే చెప్పిన మనిషిని. కానీ ఆ గుడ్డ అంచు చూసిన. ఒక దిక్కు సాఫుగ ఉన్నది, ఒక దిక్కు పోగులు వేలాడుతున్నయి. భూదేవి ముడి వేసేటంత సేపు కూడా ఆగక మగ్గం మీదికెళ్లి కోసి ఇచ్చినట్టున్నది. దాన్ని నీళ్లల్ల వెయ్యబుద్ధి కాలేదు.

"ఇవి పంపింది నా మొగడా, నా తమ్ముడా?" అని సారక్కను అడిగిన. తమ్ముడే అన్నది. "తమ్ముడు ఉన్నడు కదా మరి" అన్న.

సారక్క లేచి తనింటికి పోయింది.

సంధ్యను పిలిచి పొయ్యమన్న. ఆ పిల్ల, అత్తమ్మా, నాకు మంచి జరుగుతదా అని అడిగింది. నీకు వద్దనిపిస్తే వద్దు బిడ్డా, నేనే పోసుకుంట అన్న. ఆ పిల్ల దోసిలి నిండ బియ్యం ఎత్తింది. కొంగు చాపి పోయించుకున్న తమ్మీ. మీ బావ ఫోటో చూస్తుండంగనే పోయించుకున్న. ఏడ్చిన. సంబురంగ కూడా ఉన్నది, రెండూ ఉన్నయి.

తెల్లారి వండిన. గల్లీల అందరినీ పిలిచిన. కొందరు రాలేదు, రానియ్యి. సారక్క ఆఖరుకు వచ్చి మూలకు కూసుని తిన్నది. బియ్యం మంచివి, ఏ ఊరివి అని అడిగింది. మా పుట్టింటివి అన్న.

అన్నీ వండలే. యాదున్నదా, ఒడిబియ్యం పోసుకున్న ఆడిబిడ్డ అందుల నుంచి పిడికెడు తీసి తిరిగి పుట్టింట్ల వేసి రావాలె, పుట్టిల్లు చల్లగ ఉండాలని. అమ్మ ప్రతిసారి వెయ్యమనేది. ఆ పిడికెడు భూదేవి నేసిన గుడ్డ కొసకు కట్టి పెట్టిన. ఇక్కడ ఎవరింట్ల వెయ్యాలె? నా పుట్టిల్లు ఇప్పుడు తేజుల ఉన్నది. నేనే వస్త.

వజ్రమ్మ


తేజు
11 జూన్ 2025

అక్కకు ఉమాకాంత్, భూదేవి దండాలు.

నీ ఉత్తరం భూదేవి చదివి, మళ్లీ మళ్లీ చదివి, బియ్యం డబ్బాలో పెట్టింది. దండం తప్ప ఏమీ రాయమనలేదు. ముడి వేసే టైము లేదని ఆ రోజు చాలా బాధపడ్డది, అది మాత్రం రాస్తున్న.

నువ్వు వస్తనంటే నాకు సంతోషంగ, భయంగ ఉన్నది. మూడు విమానాలు మారాలె. ఇదిగో ఎక్కండి, అదిగో గేటు మారింది అని మైకులో అరుస్తరు, నీకు వినపడది. మా దగ్గర మబ్బు కమ్మితే నడుమ ఊర్లో ఎన్ని రోజులు ఆగాలో తెల్వది. ఇప్పుడైతే అసలే వద్దు, వానలు. నవంబర్‌లో ఆకాశం తేటగ ఉంటది, అప్పుడు రా. నాకు సెలవు దొరికితే నేనే వచ్చి తోలుకొస్త.

ఇంకో మాట. నువ్వు దిగే రోజు నా డ్యూటీ పడితే, గుమ్మం దాక ఎదురు రాలేను. బండి దగ్గర నిలబడాలె. బాధపడొద్దు.

నీ తమ్ముడు,
ఉమాకాంత్


లింబాయత్
27 అక్టోబర్ 2025

తమ్ముడు ఉమాకాంత్‌కు, భూదేవికి వజ్రమ్మ దీవెనలు.

టికెట్లు అయినయి. తారీఖు సాయికుమార్ నీకు ఫోన్‌ల చెప్తడు, అదొక్కటి వాని నోటితోని పోయినా రాలిపోదు. నువ్వు తోలుకపోను రావొద్దు. నీ సెలవు దాచిపెట్టుకో, మళ్లొకనాడు అక్కరకొస్తది. ఒక్కదాన్నే పోతనంటే ఇంట్ల అందరూ ఒక్కటై నన్ను ఓడగొట్టిండ్రు, సంధ్య తోడు వస్తున్నది. మైకు వినపడదని నువ్వు భయపడకు. మైకు వినేటోళ్లందరూ ఒక్కసారే లేచి ఉరుకుతరు కదా, వాళ్ల ఎంబడి పోత. నలభై ఏండ్లు చెవులు లేకుండనే పని చేసిన.

సంధ్య నిన్న మళ్లా ఫోన్‌ల సూరత్, తేజు కొట్టింది. మూడున్నర గంటలే అంటున్నది ఇంకా. మార్చుమని ఎవరికన్నా రాయాలె అత్తమ్మా అన్నది. ఉండనియ్యి అన్న. మీ మామ దాన్ని చూసే నవ్విండు బిడ్డా అని చెప్పిన.

మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి పెట్టుకున్న. భూదేవికి ఒక చీర తీసుకున్న, నేను నిలబడ్డ కార్ఖానాలది. పిడికెడు బియ్యం సామాన్ల సంచిల పెట్టలే, నా కొంగుకు ముడేసుకుని వస్త. విమానం కాడ తనిఖీల అడిగితే చూపిస్త. పురుగు పట్టకుండ వేపాకు వేసిన, పసుపు తగ్గలేదు.

భూదేవికి చెప్పు, గుడ్డకు వేలాడే పోగులకు ముడి నేను వెయ్యలే. ఆమె చేత్తోనే వేయించుకుంట. ఆ చప్పుడు లేని మగ్గం కాడ నేను కూడా కూసోవాలె. నాకైతే అన్ని మగ్గాలూ ఇప్పుడు గట్లనే ఉంటయి.

విమానం దిగేటప్పుడు నువ్వు బండి కాడనే నిలబడు, కదలకు. నీ పని అది. నేను మెట్ల మీద నిలబడి చూస్త. మందపు కోట్లల్ల అందరూ ఒక్కతీరుగ ఉంటరట కదా, నిన్ను ఎట్ల గుర్తుపట్టాలె? అరిచి పిలవకు, వినపడది. చిన్నప్పుడు పగటిపూట నా టిఫిన్ డబ్బా పట్టుకుని కార్ఖానా తలుపు కాడ నిలబడేటోనివి. సాంచాల మోతల నువ్వు ఎంత అరిచినా అందదని, వేళ్లు నోటి కాడికి పెట్టి, బువ్వ తెచ్చిన రా అని చేత్తోని చెప్పేటోనివి. గట్లనే చెప్పు.

నేను ఆకలి మీదనే వస్త.

నీ అక్క,
వజ్రమ్మ